ప్రాసెసరు వేగము – వోల్టేజి, వేడిమి హద్దులు

1998వ సంవత్సరం నవంబరు మాసంలో నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. హైటెక్ సిటీ చరిత్రకు అది నాంది. యాదృచ్ఛికమే గాని, అదే సంవత్సరం ఆగస్టులో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అనే చౌక ప్రాసెసరును విడుదల చేసింది. 66 మెగాహెర్ట్జ్ మూల పౌనఃపున్యాన్ని నాలుగున్నర రెట్లు చేసి 300 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేయుటకు దానిని నిర్మించారు. ఔత్సాహికులు మదర్‌బోర్డులో మూల పౌనఃపున్యాన్ని 100కు మార్చి, ఆ ప్రాసెసరునే 450 మెగాహెర్ట్జ్ వేగంతో నడిపించారు. నిర్ణీత వేగాన్ని మించి ప్రాసెసరును నడిపించే ఈ ప్రక్రియకే ఓవర్‌క్లాకింగ్ అని పేరు.

నేడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని స్వయంగా కంప్యూటరును కూర్చుకొనే విద్యార్థులు మన మధ్య ఉన్నారు. అధిక ధర గల ప్రాసెసరు కొనలేనివారికి, ఉన్నదాని వేగం పెంచుకొనవలెననే ఆశ సహజం. అయితే ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగిన నష్టానికి తయారీదారుల హామీ సాధారణంగా వర్తించదు. కుటుంబం కష్టార్జితంతో సమకూర్చిన యంత్రం చెడిపోతే ఆ భారం మళ్ళీ ఆ కుటుంబం మీదనే పడుతుంది. కనుక ఇందలి శాస్త్రాన్ని ముందుగా గ్రహించడం అవసరం.

ప్రాసెసరు అనగా కోట్లాది సూక్ష్మ స్విచ్చుల సముదాయం. ప్రతి స్విచ్చు మారినప్పుడల్లా స్వల్ప విద్యుదావేశం నిండి, ఖాళీ అవుతుంది. వేగం పెంచితే ఆ మార్పుకు లభించే వ్యవధి తగ్గుతుంది. ఆ తక్కువ వ్యవధిలోనే స్విచ్చు మారవలెనంటే వోల్టేజి పెంచవలసి వస్తుంది. ఇక్కడనే చిక్కు ఉన్నది. ఈ మార్పులకు ఖర్చయ్యే విద్యుత్తు పౌనఃపున్యానికి అనులోమానుపాతంలోను, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోను పెరుగుతుంది. వేగాన్ని నూటికి పది, వోల్టేజిని నూటికి పది పెంచితే ఖర్చు నూటికి పది కాదు, సుమారు ముప్పదిమూడు పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 100 వాట్లు వినియోగించే ప్రాసెసరుకు, ఒక్కొక్క వాటుకు 0.4 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరిగే కూలరు అమర్చామనుకొందాం. గది ఉష్ణోగ్రత 25 డిగ్రీలైతే ప్రాసెసరు 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంటుంది. వినియోగం 133 వాట్లయితే 78కి చేరుతుంది. మే మాసంలో మన నగరంలో ఎయిర్ కండిషనరు లేని గది 40 డిగ్రీలున్నప్పుడు అదే యంత్రం 93 డిగ్రీలను తాకుతుంది. శీతల దేశంలో ఎవరో సాధించిన వేగాన్ని మనం యథాతథంగా అనుకరించరాదనుటకు కారణమిదే.

వేడిమి, వోల్టేజి రెండూ వేర్వేరు ప్రమాదాలని గుర్తించవలెను. నేటి ప్రాసెసర్లలో అధిక భాగం 90 నుండి 100 డిగ్రీల మధ్య గరిష్ఠ హద్దును చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. ఈ రక్షణ వేడిమి విషయంలోనే. ఉష్ణోగ్రత తక్కువగా ఉన్నంత మాత్రాన అధిక వోల్టేజి నిరపాయం కాదు. అది స్విచ్చులలోని అతి పలుచని నిరోధక పొరను క్రమంగా బలహీనపరుస్తుంది. దానితో పెరిగే విద్యుత్ ప్రవాహం, వేడిమి కలిసి లోహపు తీగలలోని పరమాణువులను స్థానభ్రంశం చేస్తాయి. ఆ నష్టం ఒక్కనాట కనిపించదు, తిరిగి పూడదు.

తయారీదారులకే ఈ అనుభవం తప్పలేదు. 2023లో కొన్ని ఎ.ఎం.డి. రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు కాలిపోగా, మెమరీ నియంత్రణ భాగానికి అందే వోల్టేజిని 1.3 వోల్టులకు పరిమితం చేశారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అస్థిరం కాగా, అవి కోరే వోల్టేజిని 1.55కు పరిమితం చేసి, హామీ కాలాన్ని రెండేళ్ళు పొడిగించారు.

మరి హద్దులేవి? అన్ని కోర్లు ఎడతెగక పనిచేసేటప్పుడు ఇటీవలి ప్రాసెసర్లకు స్థిర వోల్టేజి 1.3 దాటకుండుట, ఉష్ణోగ్రత 85 డిగ్రీల లోపున ఉండుట అనుభవజ్ఞులు పాటించే జాగ్రత్త. కొన్ని ప్రాసెసర్లు తమంత తామే క్షణకాలం 1.4కు పైగా వోల్టేజి తీసుకొంటాయి. తేలిక పనిలో, ఒకటి రెండు కోర్లకు కలిగే ఆ క్షణిక స్థితిని చూసి, అంత వోల్టేజిని శాశ్వతంగా స్థిరపరచడం పొరపాటు.

పద్ధతి ఇది. మొదట ఆ ప్రాసెసరు ఓవర్‌క్లాకింగ్‌కు అనువైనదో కాదో తెలుసుకొనవలెను. ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ అక్షరం గలవి, తగిన మదర్‌బోర్డు తోడైతేనే అనువుగా ఉంటాయి. పిదప సహజ స్థితిలోని ఉష్ణోగ్రతను, వోల్టేజిని వ్రాసుకొనవలెను. వేగాన్ని ఒక్కొక్కసారి 100 మెగాహెర్ట్జ్ మాత్రమే పెంచి, గంటల తరబడి కఠిన పరీక్ష జరపవలెను. అస్థిరమైతేనే వోల్టేజిని వోల్టులో నూరవ వంతు చొప్పున పెంచవలెను. హద్దు చేరగానే ఒక మెట్టు దిగవలెను. యంత్రం ఆగిపోవడం మేలైన సూచనయే. ఆగకుండా తప్పు లెక్కలు కట్టి, ప్రాజెక్టు ఫైళ్ళను పాడుచేసే యంత్రమే ఎక్కువ అపాయకరం.

మన వాతావరణానికి మరొక మార్గం కూడా ఉన్నది. వేగం పెంచక, వోల్టేజిని కొంచెం కొంచెంగా తగ్గించి, ప్రతి మెట్టులోను అదే పరీక్ష జరపవచ్చును. వర్గ సూత్రం ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది. వోల్టేజి నూటికి పది తగ్గితే ఆ ఖర్చు సుమారు పందొమ్మిది తగ్గుతుంది. కూలరు ఫ్యాను రొద తగ్గును, విద్యుత్ బిల్లు తగ్గును, యంత్రం ఆయుష్షు పెరుగును.

ఇంటెల్, ఎ.ఎం.డి., క్వాల్‌కామ్ సంస్థల ఇంజనీర్లు మన నగరంలోనే పనిచేస్తున్నారు. చిప్‌కు ఏ వోల్టేజి వద్ద ఎంత వేగం తగునో నిర్ణయించడం ఆ వృత్తిలో ఒక ముఖ్య భాగం. ఇంట్లోని కంప్యూటరు ముందు కూర్చొని, ప్రతి మార్పునూ నోటుపుస్తకంలో వ్రాసుకొంటూ ముందుకు సాగే విద్యార్థి ఆ విద్యలో తొలి పాఠాన్ని నేర్చుకొంటున్నట్లే. ఆ పుస్తకంలో గది ఉష్ణోగ్రతకు కూడా ఒక గడి గీసుకొనవలెను. జనవరిలో నిలిచిన వేగం మేలో నిలువకపోవచ్చును.