తులసివనంలో గంజాయి మొక్క

ఈ సామెత మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఆ మొక్కను గురించి మాత్రం తెలిసినది తక్కువ, విన్నది ఎక్కువ. ఒడిషాలో స్థిరపడిన మనకు ఇది దూరపు విషయం కాదు. కొరాపుట్, మల్కన్‌గిరి కొండలలోను, వాటి నానుకొన్న ఆంధ్ర మన్యంలోను దొంగచాటుగా పండే గంజాయి మన ఊళ్ల మీదుగానే తరలిపోతూ ఉంటుంది. కనుక పిల్లలలోను, పెద్దలలోను ఉన్న కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

‘భంగు దుకాణంలోనే అమ్ముతారు గదా, గంజాయి మాత్రం తప్పేమిటి?’ అంటారు కుర్రవాళ్లు. మొక్క ఒక్కటే గాని, చట్టం దృష్టిలో అవి రెండు. 1985 నాటి చట్టం పూతకొమ్మలను గంజాయి అన్నది. పూత కలియని ఆకును, గింజను అందులో చేర్చలేదు. గంజాయి 20 కిలోలు మించితే శిక్ష పదేళ్లకు తగ్గదు. ‘ఈ సంచీ అందజేస్తే చాలు, ఖర్చులకు డబ్బిస్తాము’ అన్నవారిని నమ్మిన విద్యార్థి, అందులో ఏమున్నదో తనకు తెలియదని కోర్టులో తానే ఋజువు చేసుకోవలసి వస్తుంది.

‘ఇది ఆకేగదా, అలవాటు కాదు’ అన్నది మరొకటి. వాడినవారిలో సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిస అవుతారు. పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో మొదలుపెట్టినవారిలో ఆరుగురిలో ఒకరు.

‘అది మందు’ అనేవారూ ఉన్నారు. ఈ మొక్కలోని కానబిడియోల్ అనే మత్తులేని పదార్థాన్ని శుద్ధిచేసి తీసిన మందును, పిల్లలకు వచ్చే అరుదైన మూర్ఛలకు 2018లో అమెరికా ఆమోదించిన మాట నిజం. మత్తు కలిగించేది మాత్రం వేరు, అది టి.హెచ్.సి. వైద్యుడు కొలిచి ఇచ్చే మందుకూ, చిలుములో పొగకూ పోలిక లేదు.

ఇక పెద్దల అపోహ: ‘ఒక్క దమ్ము పీలిస్తే పిచ్చెక్కుతుంది.’ అందరికీ అలా కాదు. చిన్నతనంలో మొదలుపెట్టి రోజూ పీల్చేవారికి, వంశంలో మానసిక వ్యాధి ఉన్నవారికి ఆ ప్రమాదం హెచ్చు. ఉన్నది ఉన్నట్లు చెబితే చాలు. పీల్చిన స్నేహితుడు మర్నాడు మామూలుగా కాలేజీకి వస్తే, మనం చెప్పినది అబద్ధమని మన పిల్లవాడు తేల్చుకొంటాడు. ఆ తరువాత మనం చెప్పే నిజం కూడా అతని చెవి కెక్కదు.

ఒకవేళ అలవాటు పడితే, పరువు పోతుందని దాచవద్దు, కొట్టవద్దు. వైద్యునికి చూపండి. ప్రభుత్వంవారి 14446 నంబరుకు ఫోనుచేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. తులసివనాన్ని కాపాడుకోవలసింది మనమే గదా!