నక్కకి ఏ తూటా వాడాలి? కోళ్ళు, బాతులు పెంచే డెల్టా రైతులకి సూటిగా ఒక జవాబు

పై వీడియోలో మా నాటుకోళ్ళ గూడు, దాని చుట్టూ వేసిన కంచె చూశారు కదా. అంత బందోబస్తు దేనికంటే, నక్కల కోసం. మాది గోదావరి గట్టు పక్క ఊరు. లంకల్లో, అరటి తోటల్లో, కాలవ గట్ల మీద తుప్పల్లో నక్కలు బాగానే ఉన్నాయి. సాయంత్రం అయితే ఊళ వినిపిస్తది. కోళ్ళని, బాతుల్ని బయట తిప్పి పెంచేవాళ్ళకి ఆ ఊళ వింటేనే గుండె జారుద్ది.

ఈ మధ్య చాలామంది రైతులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఇదీ: "తమ్ముడూ, నక్కని కొట్టడానికి ఏ తుపాకీ మంచిది? ఏ తూటా వెయ్యాలి?" అమెరికాలో ఉన్న మనవాళ్ళు కయోటీల వేట వీడియోలు పంపడం వల్ల కూడా ఈ ఆలోచన వస్తోంది. కయోటీ అంటే మన నక్కకి అక్కడి చుట్టం అనుకోండి, కాస్త పెద్దది. అక్కడి లెక్క ఏంటి, అది మనకి ఎందుకు కుదరదు, కోడి దక్కాలంటే ఏం చెయ్యాలి అన్నది వరసగా చెప్తాను.

అమెరికాలో తూటా ఎలా ఎంచుకుంటారు

మన నక్క ఎనిమిది, పది కిలోలు తూగుద్ది. కయోటీ సాధారణంగా పది నుంచి ఇరవై కిలోల మధ్య ఉంటది. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో దాన్ని కొట్టడానికి ఫలానా సీజను అంటూ లేదు. అక్కడ రైతులు ఎక్కువగా వాడేది పాయింట్ 223 రెమింగ్టన్ తూటా. గుండు బరువు 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. వేగం సెకనుకి సుమారు 3,200 అడుగులు, అంటే సెకనులో కిలోమీటరుకి దగ్గర దగ్గర. ఇంకా దూరం కొట్టాలనుకునేవాళ్ళు పాయింట్ 22-250 వాడతారు. అదే తుపాకీతో జింకని కూడా కొట్టాలనుకుంటే పాయింట్ 243 విన్‌చెస్టర్ తీసుకుంటారు. ఇళ్ళకి కాస్త దగ్గరగా, వంద గజాల లోపు అయితే పాయింట్ 17 హెచ్ఎంఆర్ లాంటి చిన్నది.

వాళ్ళు చూసుకునేవి నాలుగు. ఎంత దూరంలో కొట్టాలి, గాలికి గుండు ఎంత పక్కకి పోద్ది, తోలు ఎంత పాడవుద్ది, గుండు జంతువుని దాటి ఎక్కడికి పోద్ది. ఈ నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యం. అందుకే తగలగానే లోపలే ముక్కలైపోయే గుండ్లు ఎంచుకుంటారు. వెనకాల మట్టి దిబ్బో, కొండ వాలో లేకపోతే అసలు మీట నొక్కకూడదు అన్నది అక్కడ మొదటి పాఠం.

మన నేల మీద ఆ లెక్క ఎందుకు కుదరదు

ఇప్పుడు మన డెల్టా చూడండి. అరచెయ్యిలా చదునుగా ఉంటది. గుండుని ఆపే కొండ లేదు. కాలవ గట్టు మీద ఎవరో ఒకరు సైకిల్ మీద పోతూనే ఉంటారు. తెల్లారకముందే చేలో నీళ్ళు కట్టుకునేవాళ్ళు, చెరువు దగ్గర కాపలా పడుకునేవాళ్ళు, కొబ్బరి తోటలో పాకలు. ఒక ఊరు దాటకుండానే ఇంకో ఊరు తగులుద్ది. చిన్నదని తీసిపారేసే పాయింట్ 22 తూటా కూడా మైలున్నర దాకా ప్రమాదమని డబ్బా మీదే రాసుంటది. ఆ మైలున్నరలో మన దగ్గర ఎన్ని ఇళ్ళు ఉంటాయో మీరే లెక్కేసుకోండి. పైగా తడి పొలంలో, చెరువు నీళ్ళ మీద గుండు తగిలితే ఎటు ఎగిరిపోద్దో కొట్టినవాడికి కూడా తెలియదు.

ఇక లైసెన్సు సంగతి. 5.56 మిల్లీమీటర్లు మన ఇన్సాస్ రైఫిల్ కొలత, పాయింట్ 223 దానికి దాదాపు కవల. సైన్యం, పోలీసులు వాడే అలాంటి కొలతలు మామూలు పౌరుడికి ఇవ్వరు. మన దగ్గర లైసెన్సు మీద దొరికే రైఫిళ్ళలో ఎక్కువగా వినపడేది పాయింట్ 315. దాని గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు పదహారు గ్రాములు. పది కిలోల నక్కకి అది ఎక్కువ, పక్క ఊరికి అది మరీ ఎక్కువ.

పంట రక్షణకి 1959 ఆయుధాల చట్టంలో చోటు ఉన్న మాట నిజమే. నున్నటి గొట్టం ఉన్న 12 బోర్ లాంటి తుపాకీకో, మందు కూరే పాత నాటు తుపాకీకో లైసెన్సు అడగొచ్చు. కానీ చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ లైసెన్సు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికే. ఏ జంతువుని కొట్టొచ్చు అన్నది వేరే చట్టం చెప్పుద్ది.

ఆ వేరే చట్టం ఏమంటుంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు మన నక్క మొదటి షెడ్యూల్లో ఉంది. పులి ఉన్న జాబితా అదే. కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా అందులోనే ఉంది.

మొదటి షెడ్యూలు జంతువుని చంపితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు. జరిమానా 25,000 రూపాయలకి తగ్గకుండా. "వేట" అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదండీ. ఉచ్చు, బోను, విషం, ఎర, తరిమి పట్టడం, చివరికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్‌గన్‌తో కొట్టినా నేరం నేరమే.

"నా కోళ్ళు పోయాయి, పర్మిషన్ ఇవ్వండి" అంటే? 11వ సెక్షన్ ప్రకారం మొదటి షెడ్యూలు జంతువు విషయంలో ఆస్తి నష్టం కారణంగా అనుమతి రాదు. అది మనుషుల ప్రాణానికి ముప్పు అయినప్పుడో, కోలుకోలేని జబ్బు, గాయం ఉన్నప్పుడో మాత్రమే చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ ఉత్తర్వు ఇవ్వగలరు. మీద పడి కరవబోతుంటే ప్రాణరక్షణకి కొట్టడం వేరే సంగతి, దానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది.

అడవి పంది కథ వేరు. అది రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి పంట నష్టం చూపించి అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవచ్చు. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకి అలాంటి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఇచ్చారు. ఉత్తర్వు వచ్చాక కూడా కొట్టాల్సింది అందులో పేర్కొన్న మనిషే. తూటా గురించి మాట్లాడుకోవాల్సి వస్తే మెట్ట ప్రాంతంలో, పంది దగ్గర, ఆ ఉత్తర్వు చేతిలో ఉన్నప్పుడు. అప్పుడు కూడా 12 బోర్‌లో ఎల్‌జీ, ఎస్‌జీ లాంటి పెద్ద గుండ్లే, అదీ దగ్గర నుంచే. పిట్టలకి వాడే సన్న గుండ్లు పందిని చంపవు, గాయపరిచి మనుషుల మీదికి తోలతాయి.

కరెంటు తీగ, నాటు బాంబు, గుళికల మాంసం వద్దు

తుపాకీ దొరకదని కొందరు వీటి వైపు చూస్తారు. లైను నుంచి నేరుగా తీసిన కరెంటు తీగకి నక్క ఎవరో, నీళ్ళు కట్టడానికి వచ్చిన పాలేరు ఎవరో తెలియదు. నాటు బాంబు కొరికేది ఎక్కువగా మేతకి వచ్చిన గేదే, ఊరి కుక్కే. ఇక మాంసంలో గుళికలు కలిపి పెట్టడం గురించి గట్టిగా చెప్పాలి. చేలో గుళికలు మానేసి జీవామృతం పోస్తున్నాం మనం. అవే గుళికలు మాంసం ముక్కలో పెట్టి గట్టు మీద వేస్తే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుద్ది? ఆ ముక్క తిన్న కాకి, గద్ద, కుక్క అన్నీ పోతాయి. మిగిలింది కాలవలోకి జారుద్ది.

నక్క లేకపోతే లాభం ఎవరికి?

ఎలుకకి, పందికొక్కుకి. డెల్టా వరి రైతుకి ఎలుక ఎంత పెద్ద శత్రువో నేను చెప్పక్కర్లేదు. ఊరంతా కలిసి బ్రోమాడయోలోన్ ఎర పెడతాం, బుట్టలు పెట్టేవాళ్ళకి ఎకరానికి ఇంతని ఇస్తాం. నక్క తిండిలో పెద్ద వాటా ఎలకలు, పందికొక్కులు, పీతలు, రాలిన పళ్ళు, చచ్చిన పశువులు. రాత్రంతా మన గట్ల మీద కూలి అడక్కుండా తిరిగే కాపలాదారు అది. కోడి దానికి రోజూ దొరికే కూడు కాదు, తలుపు తెరిచి ఉంటే దొరికే పండగ.

ఇంకో సంగతి. అమెరికాలో ఏటా పదుల వేల కయోటీలని ప్రభుత్వ మనుషులే చంపుతున్నారు. అయినా అవి తగ్గకపోగా ఇంతకుముందు లేని రాష్ట్రాలకి కూడా పాకాయి. ఒక జంట పోతే ఆ ఖాళీలోకి కొత్తవి వస్తాయి. తిండి మిగిలితే పిల్లలు ఎక్కువ బతుకుతాయి. అంటే మన గూడు తలుపు అలాగే ఉన్నంతకాలం ఈ నక్క పోయినా ఇంకో నక్క వస్తది.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

ప్రతి పోయిన కోడీ నక్క ఖాతాలో వెయ్యకండి. గుర్తులు ఇవి:

- కోడి మొత్తం మాయం, ఈకలు ఒక దారిలా తుప్పల వైపు పడి ఉన్నాయి, కంచె కింద మట్టి గోకి ఉంది: నక్క అయ్యుండొచ్చు.
- చాలా కోళ్ళు చచ్చి చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, తిన్నది తక్కువ: ఎక్కువసార్లు ఊరకుక్కలు.
- మెడ, తల దగ్గర కొరికి కోడిని అక్కడే వదిలేసింది: ముంగిస మీద అనుమానం.
- గుడ్లు, చిన్న పిల్లలు మాత్రమే మాయం, గోకిన గుర్తు లేదు: పాము.
- పట్టపగలు పిల్లలు పోతే: గద్ద, డేగ, కాకి.

తడి మట్టిలో అడుగు చూడండి. నక్క అడుగు సన్నగా, కోలగా, గోరు గుర్తుతో ఉంటది. పిల్లి జాతి అడుగు గుండ్రంగా, గోరు గుర్తు లేకుండా ఉంటది. అనుమానం ఉంటే రాత్రి గూడు చుట్టూ సన్న ఇసక చల్లి పెట్టండి, తెల్లారి అదే చెప్పుద్ది.

కోడిని కాపాడేవి ఇవి

1. పొద్దుగూకేసరికి తలుపు పడాలి. అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే. నూకలు సాయంత్రం గూట్లోనే వెయ్యండి, కోళ్ళు వాటంతట అవే లోపలికి వస్తాయి. బాతుల్ని కూడా రాత్రి చెరువులో వదలకండి. నక్క ఈత కొడుద్ది, బోదె, కోడు దాన్ని ఆపవు.

2. గూడు నేల మీద నుంచి మూడు, నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. సిమెంటు స్తంభాలు మంచివి. తాటి పట్టెలు, వెదురు వాడితే ఏడాదికోసారి కట్లు చూసుకోవాలి.

3. కోడి మెష్ అని అమ్మే పల్చటి వలని నక్క పళ్ళతో చింపుద్ది. గూటికి అరంగుళం వెల్డ్ మెష్ వెయ్యండి, ముంగిస కూడా దూరదు. ఆవరణకి ఐదారు అడుగుల ఎత్తు చైన్ లింక్ చాలు.

4. కంచె అడుగున మెష్‌ని బయటి వైపుకి రెండడుగులు మడిచి నేల మీద పరిచి, మట్టి, ఇటుకలు వెయ్యండి. నక్క కంచె మొదట్లోనే గోకుద్ది. అక్కడ మెష్ తగిలితే వెనక్కి జరిగి మళ్ళీ గోకాలన్న తెలివి దానికి సాధారణంగా రాదు. సముద్రం దగ్గర ఉప్పు నేలల్లో ఈ మడత ముందు తుప్పు పడుద్ది, ప్రతి వానాకాలం ముందు తట్టి చూడండి.

5. సోలార్ ఫెన్సింగ్ వేస్తే సర్టిఫికెట్ ఉన్న ఎనర్జైజర్‌తోనే వెయ్యండి. అది సెకనుకి ఒక్కసారి చిన్న దెబ్బ కొట్టి ఆగుద్ది, చంపదు. నక్క కోసం అయితే కింది తీగ నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. గడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోద్ది. మన డెల్టాలో గడ్డి వారంలో లేస్తది, కోస్తూ ఉండాలి.

6. చచ్చిన కోళ్ళు, చేపలు, రొయ్యలు గట్టు మీద పారెయ్యకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. మనం పారేసిన వాసనే నక్కకి పిలుపు.

7. మిణుకు మిణుకు లైట్లు కొన్నాళ్ళే పనిచేస్తాయి, తర్వాత అలవాటు పడిపోద్ది. పెడితే వారానికోసారి చోటు మార్చండి.

ఒక జాగ్రత్త. పగలు మనిషికి బెదరకుండా తూలుతూ, చొంగ కారుస్తూ తిరిగే నక్క కనబడితే దగ్గరికి వెళ్ళొద్దు, రేబిస్ కావచ్చు. అటవీ రేంజ్ ఆఫీసుకి వెంటనే చెప్పండి. కరిస్తే పావుగంట సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. కాపలా కుక్కలకి ఏటా టీకా తప్పనిసరి.

కాబట్టి "ఏ తూటా?" అన్నదానికి నా జవాబు: మన డెల్టాలో నక్కకి తూటా లేదు, తలుపు ఉంది. ఆ తూటాకి, కేసుకి అయ్యే డబ్బుతో గూడు కట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటది. గట్ల మీద ఎలకలు తగ్గడం అదనం. కింది మడత ఎలా వెయ్యాలో వీడియో రెండో సగంలో కొలతలతో చూపించాను, చూసి మీ గూడుకి తగ్గట్టు మార్చుకోండి. ఉంటానండీ.