పూలతోనే పొట్ట నిండదు

అపోహ: సీతాకోకచిలుకలన్నీ పూల మకరందం మీదే బతుకుతాయి.

చాలా రకాలకు అదే ప్రధానమైన తిండి, కాదనలేం. కొన్ని మాత్రం పూల వైపు వెళ్లడమే అరుదు. మామిడి తోటలో రాలి పులిసిన పళ్ల దగ్గర కాసేపు నిలబడితే ఎండుటాకు రంగు రెక్కలవి కనిపిస్తాయి. చెట్టు బెరడు నుంచి కారే రసం, చివరికి పేడ కూడా వాటికి విందే. కవులు ఈ సంగతి దాటేశారు లెండి.

అపోహ: వాగు ఒడ్డున తడి ఇసుక మీద గుంపుగా వాలేది దాహం తీర్చుకోవడానికే.

వాటికి అసలు కావలసింది ఉప్పు. ఆకుల్లో, మకరందంలో సోడియం బహు తక్కువ. అందుకే బురదలోని నీళ్లు పీలుస్తూ, కొన్నయితే వెనకనుంచి ఆ నీళ్లనే చుక్కలుగా వదిలేస్తూ, ఉప్పు మాత్రం ఒంట్లో ఉంచుకుంటాయి. అలా చేరేవాటిలో ఎక్కువ భాగం మగవే. జతకట్టినప్పుడు ఆ ఉప్పులో కొంత ఆడదానికి చేరి గుడ్లకు పనికొస్తుంది.

అపోహ: సీతాకోకచిలుక నోరు పుట్టుకతోనే ఒక స్ట్రా.

ప్యూపా నుంచి బయటపడేసరికి అది విడివిడిగా ఉన్న రెండు పాయలు. చుట్టుకుంటూ విప్పుకుంటూ వాటిని కలిపి గొట్టంగా చేసుకోవాలి. కుదరకపోతే ఇక పస్తులే. కొన దగ్గరి సన్నని సందులు దీపం వత్తిలా ద్రవాన్ని లాగుతాయి. ఆపైన తలలో ఉన్న పంపు అందుకుంటుంది. తడి మట్టి నుంచి కూడా పీల్చగలిగేది ఇందుకే.

అపోహ: పరాగసంపర్కంలో సీతాకోకచిలుక తేనెటీగకు సమానం.

పొడుగు కాళ్లు, పొడుగు తొండం వల్ల ఒళ్లు పుప్పొడికి దూరంగా ఉండిపోతుంది. పైగా తేనెటీగలా పుప్పొడి మూటగట్టే అవసరమూ దీనికి లేదు. అయితే రామబాణం, లాంటానా లాంటి సన్నని గొట్టపు పూలకు ఇదే తగిన అతిథి. లాంటానా గుత్తిని దగ్గరగా చూడండి: మధ్యలో పసుపు, అంచుల్లో గులాబీ లేదా ఎరుపు. పసుపువి కొత్తవి, మకరందం ఉన్నవి. సీతాకోకచిలుక ఎక్కువగా వాటిలోనే తొండం పెడుతుంది.

అపోహ: పూలమొక్కలు వేస్తే చాలు, పెరడంతా సీతాకోకచిలుకలే.

వస్తాయి, తాగి పోతాయి. సంతతి పెరగాలంటే గొంగళిపురుగుకు ఆకు కావాలి, అదీ ఏదో ఒక ఆకు పనికిరాదు. ఆడది కాళ్లతోనే ఆకు రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది. నల్ల రెక్కల తోక సీతాకోకచిలుకకు కరివేపాకు, నిమ్మ. నారింజరంగు రెక్కలదానికి జిల్లేడు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేది, తర్వాత ఆకుపచ్చగా బలిసేది ఆ నల్ల రెక్కలదాని గొంగళిపురుగే. మనం మాత్రం దాని మీద మందు కొట్టి, బంతిపూల దగ్గర నిలబడి సీతాకోకచిలుకలు రావడం లేదేమని అడుగుతాం. కూరకు సరిపడా కోసుకుని ఓ రెండు రెమ్మలు దానికి వదిలేస్తే మొక్కకు వచ్చే నష్టమేమీ లేదు, మళ్లీ చిగురిస్తుంది.