నిప్పు వెలుపల, వెచ్చదనము లోపల

చలిదేశముల యిండ్లలో గోడవారగా నిలిపియుంచు రేడియేటరును గూర్చి నేడు మనవి చేయుచున్నాను. ఉక్కకు విసనకఱ్ఱ వెదకుకొను మనకు దానితో పనియేమి యని మీరనవచ్చును. పని కలదు, తుదకు చెప్పెదను.

ఒక సాయంకాలము భావనపాడు ఒడ్డున కూర్చుండియుండగా దాని కీలకము నాకు బోధపడినది. పగటి యెండకు నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలమీది గాలి తేలికయై పైకి లేచును. ఆ చోటికి సముద్రముమీది చల్లగాలి వచ్చును. రాత్రి నేల త్వరగా చల్లారుటచే గాలి మరలును. మన జాలరులు తరతరములుగా నెఱిగిన గాలియే యిది. గదిలో రేడియేటరు చేయు పనియు నిట్టిదే. దానికి తగిలిన గాలి వేడెక్కి పైకి లేచును, చల్లగాలి క్రిందుగా వచ్చి చేరును.

ఇంటి యడుగున నేలమాళిగలో పెద్ద కాగు నుండును. అందు కాగిన నీరు తేలికయై గొట్టములగుండ రేడియేటరునకెక్కి, వేడిని విడిచి, బరువై దిగివచ్చును. ఇప్పుడు పంపులతో త్రిప్పుచున్నారు.

సెయింట్ పీటర్స్‌బర్గులో ఫ్రాంజ్ సాన్ గల్లీ యను పరిశ్రమాధిపతి 1850 దశకమున దీనిని రూపొందించెనని ప్రసిద్ధి. అమెరికాలో కొందఱు తయారీదారులు 1892లో ఏకమై అమెరికన్ రేడియేటర్ కంపెనీని స్థాపించిరి. ఇసుక అచ్చులలో కరగిన యినుము పోసి, లోపల బోలుగానుండు పలకలను చేసి, వరుసగా బిగించెడివారు. పలకలు పెరిగినకొలది గాలికి తగులు వేడితలము పెరుగును. ఈ కంపెనీ 1924లో న్యూయార్కున నల్లయిటుకతో కట్టించిన మేడ నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు ఉక్కురేకులతోను రేడియేటర్లు చేయుచున్నారు.

ఇక మన పని. ఈ యేర్పాటులో నిప్పు ఒకచోట, మనుష్యులు వేఱొకచోట. పొగ గొట్టముగుండ బయటికి పోవును. మనమో, పుష్యమాసపు చలికి పురిటిగది తలుపులు బిగించి, బాలింత మంచము క్రింద బొగ్గుల కుంపటి నుంతుము. మూసిన గదిలో మండు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకున్నను అది యుండును. నిద్రించువారిని నిద్రలోనే చంపును.

కావున కుంపటిని గది వెలుపలనే యుంచుడు. పసిబిడ్డను తల్లి రొమ్ముకు హత్తి, మొగము మూయక గుడ్డ కప్పుడు. తల్లి మేనివేడిని మించిన కాపడము బిడ్డకు లేదు. ఈ మాట ఇంటింట చెప్పదగినవారు మీరే.