మంచుదేశపు కుండీ, మిరపతొడిమల వీధి

మా వీధి మలుపులో మొన్నమొన్నటిదాకా ఒక ఇనుప చెత్తకుండీ ఉండేది. దాని మూత ఊడిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. అడుగు తుప్పుపట్టి చిల్లులు పడింది. పైనుంచి వాన లోపలికీ, కిందినుంచి మురుగు వీధిలోకీ నిరాటంకంగా పోతూ ఉండేవి. మూత పెట్టించమని అర్జీ పట్టుకుపోతే, "కుండీలే తీసేయబోతున్నాం, ఇంక మూతెందుకండీ?" అన్నారొక గుమాస్తాగారు.

గుంటూరు వాళ్ళం గనుక మా చెత్తకొక ప్రత్యేకత ఉంది. ఇంటింటా కారం కొట్టించుకునే రోజుల్లో మిరపతొడిమలన్నీ ఆ కుండీలోకే చేరేవి. ఒక ఏప్రిల్ రాత్రి ఎవరో పుణ్యాత్ముడు అందులో బీడీముక్క పారేశాడు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తే వచ్చే ఘాటు చదువరులు ఎరిగినదే. దాన్ని బండెడుగా ఊహించుకోండి! దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. మా వీధికి ఎవరి దిష్టీ లేదని ఆ రాత్రి రూఢి అయింది. పసిపిల్లలతో సహా అందరం తడిగుడ్డలు ముక్కులకు పెట్టుకుని తెల్లవార్లూ దగ్గుతూ కూర్చున్నాం.

పొద్దున్నే పారిశుద్ధ్యం పనిచేసే మనిషి వచ్చింది. పమిటచెంగు ముక్కుకు చుట్టుకుని, సగం కాలిన తడిచెత్తను రేకుముక్కతో తోడిపోసింది. మా ఆవిడ మంచినీళ్ళిస్తే, "మాకిది అలవాటేనమ్మా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు.

ఈ గొడవంతా ఫిన్లాండులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోనులో చెప్పాను. "ఇక్కడ చెత్తకుండీ భూమిలో ఉంటుంది మామయ్యా" అన్నాడు. నవ్వులాట అనుకున్నాను. ఫొటో పంపాడు. మంచులో నడుమెత్తు చెక్క పీపాలాంటిది, నెత్తిన మూతతో బుద్ధిగా నిలబడి ఉంది. మిగతా శరీరమంతా, అంటే సగానికి పైగా, నేలలోనేనట.

మంచుదేశాల్లో చెత్తకొచ్చే చిక్కు మనకు తట్టనిది. తడిచెత్త గడ్డకట్టి కుండీ గోడలకు అంటుకుపోతుంది, బోర్లించినా రాలదు. ఫిన్లాండులో నోకియా అనే ఊరుంది. సెల్ ఫోనుకు పేరిచ్చిన ఊరే. అక్కడ వేయికో సల్లి అనే ఆయన 1991లో ఈ పాతుడుకుండీని తయారుచేశాడు. చలికాలం తెల్లవారుజామున మన నూతినీళ్ళు వెచ్చగా తగులుతాయి, మండువేసవిలో చల్లగా ఉంటాయి, కిటుకంతా అదే. భూమి లోపలి వేడి అంత త్వరగా మారదు. అందుచేత అక్కడ చలికాలంలో చెత్త గడ్డకట్టడం తక్కువ, ఎండాకాలంలో కుళ్ళడమూ తక్కువే. పైన పడ్డ చెత్త బరువుకు కిందిది అణుగుతుంది గనుక లారీ మాటిమాటికీ రానక్కరలేదు. ఒక్క యూనిట్ కరెంటు లేకుండానే బోలెడు డీజిలు మిగులుతుంది. నిండాక లోపలి పెద్ద సంచిని క్రేనుతో ఎత్తేస్తారు. మనిషి చెయ్యి పెట్టే పని లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంతకన్నా విడ్డూరాలూ ఉన్నాయి. అమెరికాలో మంచుమీద జారే ఆటలకు పేరుపడ్డ వెయిల్ అనే ఊళ్ళో 2004లో ఎండబలంతో పనిచేసే కుండీ పెట్టారు. దాని నెత్తిన సౌరఫలకం, కడుపులో బ్యాటరీ. చెత్తను తనే అదుముకుంటుంది. స్వీడన్‌లో 1961లోనే ఒక ఆసుపత్రిలో చెత్తను గొట్టాల గుండా గాలితో పీల్చే ఏర్పాటు చేశారు.

"అయితే అవన్నీ తెచ్చి మన బ్రాడీపేటలో పెట్టిద్దాం" అంది మా ఆవిడ. అంత తేలిక కాదు. మన ఊళ్ళ చెత్తలో సగం దాకా తడిదే. అరటితొక్కలు, అన్నం, కూరల తుక్కు. దాన్ని యంత్రంతో అదిమితే చెత్త కన్నా ముందు రసం బయటికొస్తుంది. ఆ రసం పట్టే తొట్టి లేకపోతే పాత కుండీకీ దీనికీ తేడా ఏముంది? ఇక పాతుదామా అంటే, గుంటూరు నుంచి ఒంగోలు దాకా చాలావరకు ప్రత్తి పండే నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, ఇళ్ళ గోడలనే చీలుస్తుంది. గుంట చుట్టూ రేగడి తీసేసి గ్రావెలు నింపాలి. వానాకాలం ఖాళీ తొట్టి నీటికి పైకి తేలకుండా బరువు కట్టాలి. చెయ్యలేని పనేం కాదు, కాని ఖర్చు రాసుకోవాలి.

మనవాళ్ళు పట్టిన దారి వేరు. కుండీనే ఎత్తివేసి ఇంటి ముందుకు బండి పంపడం. 2021 అక్టోబరు 2న విజయవాడలో నాలుగు వేలకు పైగా చెత్తబళ్ళకు జెండా ఊపారు. 2023 జూన్‌లో కరెంటుతో నడిచే 516 ఆటోలు 36 పురపాలక సంఘాలకు ఇచ్చారు. కొండవీడు దగ్గర చెత్తను మండించి 15 మెగావాట్ల విద్యుత్తు తీసేందుకు కర్మాగారం కట్టారు. కాని తడిసిన చెత్త సరిగా మండదు. మూతలేని కుండీలో పడ్డ ప్రతి వానచినుకూ ఆ కొలిమి మీదే పడుతుందన్నమాట!

గుమాస్తాగారు అన్నంతా చేశారు. మా మలుపు కుండీ పోయింది. బండి వరసగా రెండురోజులు రాకపోతే మాత్రం అదే మలుపులో, అదే చోట, కుప్ప లేస్తుంది. పాత అలవాటు!

మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు కుండీ ఉన్న చోటు చూపించమన్నాడు. కాలితో నేల తన్ని చూసి, "రేగడేనా మామయ్యా?" అన్నాడు. అవునన్నాను. జేబులోంచి కొలతటేపు తీశాడు. మా ఆవిడ మాత్రం ఈ ఏడు తొడిమలను గోనెసంచిలో కట్టి మేడమీద ఎండబెట్టింది. పొడిచెత్త బండి వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. ఆ చుట్టుపక్కల బీడీ వెలిగించడానికి వీల్లేదని నాకు గట్టిగా చెప్పింది; నేను బీడీ కాల్చనని తెలిసి కూడా.