చలికాలంలో బండికి తుప్పు: వాన కడుగుతుంది, మంచు కడగదు

మన ఉద్యోగంలో బదిలీ అంటే ఊరు మారడమే కాదు, గాలి మారడం కూడా. కర్నూలులోనో నిజామాబాద్‌లోనో ఐదేళ్లపాటు నిగనిగలాడిన మోటార్‌సైకిల్, విశాఖపట్నానికో కాకినాడకో చేరిన ఏడాదికే ఎర్రటి మచ్చలు వేసుకుంటుంది. "వానలో తడిసింది కదా, అందుకే" అంటాం. అసలు కారణం వాన కాదు, ఉప్పు. ఆ ఉప్పు పని ఎక్కువగా సాగేది వానలు వెళ్లిపోయాకే.

విశాఖలో పనిచేసిన నాలుగేళ్లూ సముద్రానికి దగ్గరలోనే ఉన్నాను. మా అపార్టుమెంటు సెల్లారులో బళ్లను చూస్తే ఒక సంగతి తెలిసేది. వాన తగిలే మడ్‌గార్డు పైభాగం బాగానే ఉండేది, వాన చేరని లోపలి అంచు మాత్రం పొరలుగా ఊడేది. ఆరుబయట తడిసే బండి కన్నా కప్పు కింద భద్రంగా ఉన్న బండికే కొన్ని చోట్ల తుప్పు ఎక్కువ.

ఎందుకిలా?

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఆ నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రసరించి తుప్పు వేగం పెరుగుతుంది. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర్లు గాలితో వచ్చి బండి మీద వాలతాయి. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది.

గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరిగిపోతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం మనకు తెలిసిందే. బండి మీద ఉప్పుదీ అదే తీరు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమరుస్తుంది. అంటే మన కంటికి పొడిగా కనిపించే బండి నిజానికి సన్నటి ఉప్పునీటి పొర కప్పుకుని ఉండవచ్చు.

వాన పడితే ఈ ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా మనకు వానలు తక్కువ. ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. తెల్లవారుజామున కురిసే మంచు దాన్ని తడిపి వదిలేస్తుంది తప్ప కడగదు. పైగా అరకు, లంబసింగి ప్రయాణాల కాలమూ ఇదే. పొగమంచులో తడిసి, ఘాట్ రోడ్డు బురద అంటించుకుని వచ్చిన బండిని రాత్రికి అలాగే నిలిపేస్తాం.

విదేశాల్లో పిల్లలున్నవారు దీనికి మరో రూపం వినే ఉంటారు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో రోడ్ల మీది హిమం కరగడానికి ఉప్పు చల్లుతారు. అక్కడ ఉప్పు చక్రాల కింద నుంచి వస్తుంది, మన తీరంలో గాలిలో వస్తుంది. మందు రెండు చోట్లా ఒకటే: మంచినీటితో కడగడం, ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె.

అందం ఒక్కటే కాదు

ముందు ఫోర్కు పైపుల మీద తుప్పు గుంటలు పడితే ఆయిల్ సీల్ చిరుగుతుంది. కారిన నూనె డిస్కు మీదికి చేరితే బ్రేకు పట్టదు. కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి. అదే బండి మీద ఇంట్లోవాళ్లు కాలేజీకో మార్కెట్టుకో వెళ్తారు. బీమా ఉందిగా అనుకోవడానికీ లేదు. మోటారు పాలసీలో అరుగుదల, తరుగుదల మినహాయింపుల్లోనే ఉంటాయి.

ఆదివారం అరగంట

ఇంజను చల్లారాక పైపు నీటిని మెల్లగా వదులుతూ కడగాలి. మడ్‌గార్డు లోపలి భాగం, ఇంజను కింద, స్పోకుల మొదళ్లు, స్టాండు స్ప్రింగు మరవకూడదు. ప్రెషర్ వాషర్‌ను చక్రాల బేరింగుల మీద, చైను మీద దగ్గరగా పెట్టనివ్వకండి, లోపలి గ్రీజు పోతుంది. గిన్నెల సబ్బు వద్దు, వాహనాల షాంపూ చాలు.

పాత నూలు గుడ్డతో తుడిచి, నాలుగైదు కిలోమీటర్లు నడిపి తీసుకురండి. ఆ వేడికి సందుల్లో తడి ఆరుతుంది. బయలుదేరగానే బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి చూసుకోవాలి.

చైను వెచ్చగా ఉన్నప్పుడే చైన్ లూబ్ గానీ, కంపెనీ పుస్తకంలో చెప్పిన గేర్ ఆయిల్ గానీ పట్టించి, మిగిలింది తుడిచేయాలి. ఇంజను ఆపి, చేత్తో చక్రం తిప్పుతూనే ఈ పని చేయాలి. ఇంజను నడుస్తుండగా చేస్తే వేళ్లు నలుగుతాయి. డబ్ల్యుడి-40 పేరులోనే నీటిని తొలగించేదన్న అర్థం ఉంది. నట్లు, బోల్టుల మీద తడి పోగొట్టడానికి బాగుంటుంది, కానీ చైనుకు వేసే నూనెకు బదులు కాదు. ఏ నూనె అయినా డిస్కు మీద, టైరు మీద పడకూడదు.

పెయింటు, క్రోము భాగాలకు నెలకోసారి వ్యాక్సు, బ్యాటరీ టెర్మినళ్లకు కాస్త వ్యాసలీన్ రాయండి. పెయింటు లేచిన చోట మచ్చ చిన్నగా ఉన్నప్పుడే గీకి టచప్ వేయించండి.

సైలెన్సర్, ట్యాంకు, కవరు

సైలెన్సర్ లోపలి నుంచి కూడా తుప్పు పడుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. సందు చివరి కొట్టుకు వెళ్లి వచ్చే ప్రయాణంలో సైలెన్సర్ వేడెక్కదు, చలికాలంలో అసలే వేడెక్కదు. ఆవిరి లోపలే నీరవుతుంది. వారానికి ఒక్కసారైనా ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. సైలెన్సర్ కింద నీరు పోయే చిన్న రంధ్రం ఉంటే, అది మూసుకుపోకుండా చూడండి.

బండిని సొంతూళ్లో వదిలి వెళ్లేవారు ట్యాంకు నింపి ఉంచడం మేలు. ఖాళీ ఎక్కువుంటే రాత్రి చలికి లోపల నీరు చేరుతుంది. ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం కూడా ఉంది. సెంటర్ స్టాండు వేసి, బ్యాటరీ తీగలు విప్పించండి.

కవరు విషయంలో జాగ్రత్త అవసరం. తడి బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పితే ఉప్పునూ తేమనూ కలిపి మూటగట్టినట్టే. బండి ఆరాకే కప్పాలి, గాలి ఆడే గుడ్డ కవరు వాడాలి.

మన సిబ్బందిలో చాలామంది బండి వాయిదాల మీదే కొంటారు. చివరి వాయిదా కట్టిన నాటికి బండి తిరిగి అమ్ముకోదగ్గట్టు, ఇంట్లోవాళ్లు నమ్మి ఎక్కదగ్గట్టు ఉండాలి. అందుకు వారానికి రెండు బకెట్ల మంచినీళ్లు, ఒక పాత గుడ్డ, ఓ అరగంట చాలు. సముద్రానికి దగ్గర ఊరికి బదిలీ ఆర్డరు వచ్చిన వారం నుంచే మొదలుపెట్టండి.