బోరు వేయుటకు ముందు వేయవలసిన లెక్క

రోహిణికార్తె వచ్చినది. మిరుగు దగ్గరపడుచున్నది. ఈ దినములలో సంఘపు కార్యాలయమునకు వచ్చు మేడిపల్లి ప్రాంతపు సభ్యుల నోట రెండు ప్రశ్నలు తప్పక వినవచ్చుచుండును. ఈ యేడు పసుపు ఎన్ని ఎకరములు పెట్టవలెననునది మొదటిది. బోరు వేయుటకు అప్పు ఎంత దొరకుననునది రెండవది. ఇవి రెండును వేర్వేరు ప్రశ్నలని మనము తలచుచుందుము. కాని యివి ఒకే లెక్కకు సంబంధించినవి. ఆ లెక్కను మొదట కాగితముమీదను, పిమ్మట కంప్యూటరుమీదను ఎట్లు వేయవచ్చునో ఈ నెల సభ్యులకు విన్నవింప దలచితిమి.

మనలో చాలమంది ఎకరమునకు ఏ పంట హెచ్చుగా మిగుల్చునో చూచి దానివైపే మొగ్గుదురు. భూమి యొక్కటే కొరతయైనచో ఆ తీరు సరియైనదే. కాని రైతునకు కొరతలు పలువిధములు. భూమి యింతే యున్నది, చేతి పైకము ఇంతే యున్నది, బావి నీరు ఇంతే యున్నది. పసుపు ఎకరమునకు హెచ్చు మిగిల్చినను, అది కోరు పెట్టుబడియు హెచ్చే. కావున "ఏ పంట మేలు?" అని కాక, "నాకున్న భూమి, పైకము, నీరు ఏ పంటకెంత పంచిన మేలు?" అని యడుగవలెను. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు గణితమునకు రేఖీయ ప్రణాళిక యని పేరు. ఇంగ్లీషువారు లీనియర్ ప్రోగ్రామింగ్ అందురు. కొన్ని యేండ్ల క్రిందటి పదవ తరగతి గణితములో నిది యుండెడిది గనుక, మన యిండ్లలో చదువుకొన్నవారు పలువురు దీనిని ఎరుగుదురు.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఇందలి అంకెలు నేర్చుకొనుటకై మేము కల్పించినవి మాత్రమే. ఎవరి లెక్క వారు తమ అంకెలతో వేసికొనవలెను. ఒక రైతునకు 6 ఎకరముల భూమి కలదు. సొంత పైకమును సంఘపు అప్పును కలిపి పెట్టుబడికి రూ. 3,00,000 ఉన్నవి. ఒక ఎకరమును ఒకసారి పారించుటను ఒక తడి యందము. ఆయన బావి క్రింద పంటకాలమంతయు కలిపి 80 తడులు అందును. ఆయన వేయదలచినవి పసుపు, మొక్కజొన్న.

పసుపు ఎకరమునకు పెట్టుబడి రూ. 90,000, నీరు 20 తడులు, ఖర్చులు పోను మిగులు రూ. 60,000.

మొక్కజొన్న ఎకరమునకు పెట్టుబడి రూ. 30,000, నీరు 6 తడులు, ఖర్చులు పోను మిగులు రూ. 24,000.

విత్తనము, ఎరువు, దున్నకము, కూలి అన్నియు పెట్టుబడిలో చేరినవే. పసుపు వానాకాలమున పెట్టినది చలికాలము గడచువరకు మడిలోనే యుండును. మొక్కజొన్న కోసిన మడిలో యాసంగికి నువ్వులో మరియొకటో వేయువారు, ఆ రెండవ పంట ఖర్చును, నీటిని, మిగులును మొక్కజొన్న పద్దులోనే కలుపుకొనవలెను. లేనిచో మొక్కజొన్నకు అన్యాయము జరుగును.

ఇప్పుడు చూడుడు. ఆ రైతు మిగులు హెచ్చని పైకమంతయు పసుపునకే పెట్టినచో, 3 ఎకరముల 13 గుంటలకే పైకము తీరిపోవును. మిగిలిన భూమి బీడు పడును. మిగులు రూ. 2,00,000. భయపడి 6 ఎకరములును మొక్కజొన్నయే వేసినచో మిగులు రూ. 1,44,000. రెండింటిని చెరి 3 ఎకరములు వేయుదమన్నచో పెట్టుబడి రూ. 3,60,000 కావలెను, అది లేదు. పసుపు 2 ఎకరములు, మొక్కజొన్న 4 ఎకరములు వేసినచో భూమి సరిపోవును, పైకమును సరిపోవును, మిగులు రూ. 2,16,000 అగును. ఈ కొరతలకు లోబడి ఇంతకు మించిన పంపకము లేదు.

ఇది ఊహించి చెప్పినది కాదు. గళ్ల కాగితముమీద అడ్డముగా పసుపు ఎకరములను, నిలువుగా మొక్కజొన్న ఎకరములను గుర్తించి, ఒక్కొక్క కొరతకు ఒక్కొక్క గీత గీయవలెను. గీతలన్నిటికిని లోపలనున్న చోటు మనకు సాధ్యమైన చోటు. హెచ్చు మిగులు ఎల్లప్పుడు ఆ చోటి మూలలలో ఒకదానియందే దొరకును. కావున మూలలను మాత్రము పరీక్షించిన చాలును. మన యుదాహరణములో భూమి గీతయు పైకపు గీతయు కలియు మూల 2, 4 అనునదే.

ఇక బోరు మాట. పై పంపకములో నీరు ఎంత ఖర్చయినది? పసుపునకు 40, మొక్కజొన్నకు 24, మొత్తము 64 తడులు. ఇంకను 16 తడుల నీరు బావిలోనే మిగిలినది. అనగా ఈ రైతునకు నీటి కొరత లేదు. పైకపు కొరత కలదు. ఆయన పొరుగువారిని చూచి, ఉన్న 3 లక్షలలో ఒక లక్ష బోరునకు పెట్టినచో ఏమగును? సేద్యమునకు రెండు లక్షలే మిగులును. అప్పటి మేలైన పంపకములో పసుపు 13 గుంటలు, మిగతదంతయు మొక్కజొన్న. మిగులు రూ. 1,56,000. బోరులో నీరు పుష్కలముగా పడినను ఆయన ఆ యేడు రూ. 60,000 నష్టపోవును. నీరు పడనిచో లక్షయు పోవును. ఎండిన బోరు క్రింద అప్పుపాలైన కుటుంబములు మన యెరుకలో నెన్ని యున్నవో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అట్లని బోరు ఎవరికిని వలదని మా యభిప్రాయము కాదు. పక్క చేని రైతునకు అన్నియు నిట్లేయుండి, బావి నీరు మాత్రము 50 తడులే యనుకొందము. ఆయనకు మేలైన పంపకము పసుపు 1 ఎకరము, మొక్కజొన్న 5 ఎకరములు, మిగులు రూ. 1,80,000. పెట్టుబడిలో రూ. 60,000 వాడక మిగిలిపోవును. ఈయనకు అప్పు హెచ్చించిన ప్రయోజనము లేదు. నీరు హెచ్చిన ప్రయోజనము కలదు. ఒక తడి హెచ్చినచో సుమారు రూ. 2,571 మిగులు పెరుగును. కాని యీ పెరుగుదలకు ఒక హద్దు కలదు. 64 తడులు కాగానే పైకపు కొరత అడ్డుపడును. కావున ఎంత నీరు పడినను ఏటికి రూ. 36,000 కంటె హెచ్చు రాదు. బోరు అప్పు వాయిదాను, నీరు పడదేమో యను శంకను ఆ 36 వేలతో సరిచూచుకొని ఆయన నిర్ణయించుకొనవచ్చును. బోరు కాక పసుపునకు బిందుసేద్యము పెట్టి తడుల ఖర్చు తగ్గించుటయు అదే లెక్కలో తూచవచ్చును. ఒకే ఊరు, పక్కపక్క చేండ్లు. అయినను ఒకరికి తగినది మరియొకరికి తగదు.

ఈ గణితము పుట్టినది కర్మాగారములందును సైన్యమునందును. 1939లో లెనిన్‌గ్రాడునందు కాంటొరోవిచ్ అను పండితుడు ప్లైవుడ్ పరిశ్రమవారి యంత్రములకు పని పంచుటకై దీనిని మొదట ఆలోచించెను. 1947లో అమెరికాలో జార్జి డాంట్జిగ్ మూలలనుండి మూలలకు క్రమముగా నడచి మేలైనదానిని చేరు సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టెను. దానిని పరీక్షించుటకు, స్టిగ్లర్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1945లో ప్రకటించిన ఆహారపు లెక్కను ఎన్నుకొనిరి. 77 ఆహారపదార్థములలో ఏవి యెంత కొనిన, 9 పోషకములు చాలినంత అంది, ఖర్చు అతితక్కువ యగునో తేల్చుట ఆ లెక్క. తొమ్మిది మంది గుమాస్తాలు చేతి యంత్రములతో కూర్చుండగా అది తేలుటకు 120 పనిదినములు పట్టెను. నేడు సామాన్యమైన కంప్యూటరు దానిని కన్ను మూసి తెరచునంతలో చేయును. కాంటొరోవిచ్‌నకును కూప్‌మన్స్‌నకును 1975లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఈ శాస్త్రమున పేరొందిన గ్రంథములు వ్రాసి, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన కట్టా గోపాలకృష్ణమూర్తిగారు మన తెలుగువారే.

రెండు పంటలున్నచో గళ్ల కాగితము చాలును. కాని మన ప్రాంతమున పసుపులోనే మొక్కజొన్నను అంతరపంటగా వేయుదురు. అది వేరొక పద్దు. ఇంటి గింజలకు వరి కావలెను. అది మరియొక పద్దు. పంటలు నాలుగై, కొరతలు ఆరైనప్పుడు కాగితము చాలదు. అప్పుడు కంప్యూటరు కావలెను. ఇందుకు ప్రత్యేకించిన సాఫ్ట్‌వేరులు కలవు. వానిలో గామ్స్ అనునది ప్రపంచ బ్యాంకులోనే పుట్టినది. కాని మొదలిడువారికి లెక్కల పట్టికలు వేయు ఎక్సెల్ చాలును. వెల లేక దొరకు లిబ్రేఆఫీస్ కాల్క్‌లోను సాల్వర్ అను సాధనము కలదు. ఎక్సెల్‌లో ఆప్షన్స్‌లోని యాడ్-ఇన్స్‌నుండి దానిని ఒకసారి చేర్చుకొనవలెను. పిమ్మట డేటా అను భాగములో కనబడును.

చేయు విధము ఇది. రెండవ వరుసలో బి2, సి2 గడులను పసుపు, మొక్కజొన్న ఎకరములకై ఖాళీగా నుంచవలెను. మూడవ వరుసలో మిగులు 60000, 24000 వ్రాయవలెను. నాల్గవ వరుస భూమికి: 1, 1. అయిదవది పైకమునకు: 90000, 30000. ఆరవది నీటికి: 20, 6. మూడు మొదలు ఆరువరకు ప్రతి వరుసయందును డి గడిలో, ఆ వరుస అంకెలను రెండవ వరుస ఎకరములతో హెచ్చవేసి కూడునట్లు సమ్‌ప్రొడక్ట్ అను సూత్రము వ్రాయవలెను. ఇ4, ఇ5, ఇ6 గడులలో మనకున్న హద్దులు 6, 300000, 80 వ్రాయవలెను. పిమ్మట సాల్వర్ తెరచి, డి3 గడిని గరిష్ఠము చేయుమనియు, బి2, సి2 లను మార్చుమనియు, డి4 మొదలు డి6 వరకు నున్నవి ఇ4 మొదలు ఇ6 వరకు నున్నవానిని మించరాదనియు చెప్పవలెను. ఎకరములు సున్నకు తగ్గరాదను గుర్తు పెట్టి, సింప్లెక్స్ ఎల్‌పి పద్ధతిని ఎన్నుకొని నొక్కినచో 2, 4 అను సమాధానము వచ్చును.

అక్కడ ఆగరాదు. ఎక్సెల్ ఇచ్చు సెన్సిటివిటీ అను నివేదికను తప్పక చూడవలెను. ఈ లెక్కలో అన్నిటికంటె విలువైనది అదియే. అందు షాడో ప్రైస్ అను వరుస యొక్కొక్క కొరతకు ఎదురుగ నుండును. ఆ వస్తువు ఒక పాలు హెచ్చినచో మిగులు ఎంత పెరుగునో ఆ అంకె తెలుపును. మొదటి రైతునకు నీటికి ఎదురుగ సున్న, పైకమునకు ఎదురుగ 0.6 కనబడును. అనగా వేయి రూపాయలు హెచ్చుగ దొరకినచో మిగులు రూ. 600 పెరుగును. వడ్డీ అంతకు లోపుగనున్న అప్పు ఆయనకు లాభకరము. ఇదియు సుమారు రూ. 68,500 హెచ్చు పైకము వరకే. అటుపిమ్మట నీరు అడ్డుపడును. ఆ హద్దును కూడ నివేదికయే చెప్పును.

"రేపటి ధర నెవరు చూచినారు?" అని సభ్యులు అడుగవచ్చును. దీనికిని ఆ నివేదికలో సమాధానము కలదు. మొదటి రైతు విషయమున మొక్కజొన్న మిగులు మారనిచో, పసుపు మిగులు ఎకరమునకు రూ. 24,000 మొదలు రూ. 72,000 వరకు ఎట్లు మారినను పంపకము 2, 4 గానే నిలుచును. వచ్చు పైకము మారును గాని వేయవలసిన ఎకరములు మారవు. కావున ధరను రూపాయితో సహా ఎరుగవలసిన పని లేదు. అది ఆ రెండు అంకెల నడుమ నుండునా యని విచారించిన చాలును.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతుము. యంత్రము మనము చెప్పినదే చేయును. ఒక కొరతను చెప్ప మరచినచో, వేయి ఎకరములు వేయుమని చెప్పుటకును అది వెనుదీయదు. ఒకదానికొకటి పొసగని హద్దులు పెట్టినచో సాధ్యము కాదని తెలుపును. అప్పుడు ఏ హద్దు తప్పో మనమే వెదకుకొనవలెను. ఇంటి గింజలకు అర యెకరము వరి తప్పదన్నచో అదియు ఒక హద్దుగా వ్రాయవలెను. పసుపు ధర పడిపోయినచో తట్టుకొనలేనివారు, పసుపు ఇన్ని ఎకరములకు మించరాదని వ్రాసికొనవలెను. లాభమెంతయో యంత్రము చెప్పును గాని, నష్టము నెంతవరకు ఓర్వగలమో అది చెప్పజాలదు.

పెట్టుబడి, తడుల అంకెలకు గడచిన మూడేండ్ల సొంత పద్దులను చూచుకొనుట మేలు. పద్దులు లేనివారు పొలాసయందలి వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని అడిగి తెలిసికొనవచ్చును. ఈ యేటినుండి ప్రతి తడికిని ప్రతి ఖర్చునకును ఒక పుస్తకములో పద్దు వ్రాయుట ప్రారంభింపవలెనని సభ్యులను కోరుచున్నాము. బోరు అప్పు కొరకు దరఖాస్తు వ్రాయు సభ్యుడు, దానికి ముందు ఒక సాయంకాలము తన కుమారునితోనో కుమార్తెతోనో కూర్చుండి ఈ లెక్క వేసికొనుగాక. నీటికి ఎదురుగ సున్న వచ్చినచో ఆ దరఖాస్తు నిలిపివేయుట మంచిది.